కూలివాని కూలి, దేవునిని ఎరుగుట

పాఠ్యభాగములు: యిర్మీయా 22:13-17, నెహెమ్యా 5:1-13, యాకోబు 5:1-6.
ఇంటియొద్ద చదువుకొనవలసినవి: నిర్గమకాండము 22:25-27, ద్వితీయోపదేశకాండము 5:12-15, 24:14-15, 1 కొరింథీయులకు 1:26-29.



బీదలకు సేవ అనగానే మన సంఘములలో అందరికి తోచునది డిసెంబరు మాసపు దుప్పట్ల పంపకము. చందా వసూలు చేయుదుము, చలిలో పండుకొనినవారికి కప్పుదుము, ఫోటో తీయించుకొందుము. మంచిదే. చలికి వణకువానికి ముందు కావలసినది ప్రసంగము కాదు, దుప్పటియే. అయితే ధర్మశాస్త్రములో దుప్పటి మాట ఎక్కడ వచ్చినదో చూడండి. నిర్గమకాండము 22వ అధ్యాయములో కనబడునది దానమిచ్చిన దుప్పటి కాదు, అప్పు క్రింద తాకట్టు పట్టిన పైవస్త్రము. ప్రొద్దు గుంకకముందే దానిని తిరిగి ఇచ్చివేయవలెనని ఆజ్ఞ. అది లేనియెడల వాడు ఏమి కప్పుకొని పండుకొనునని దేవుడే అడుగుచున్నాడు. అనగా బీదవానికి దుప్పటి ఎందుచేత లేకపోయినది, అది ఎవరి ఇంటిలో ఉన్నది అను ప్రశ్న మొదట వచ్చును. ఈ పాఠములో మనము ఆ మొదటి ప్రశ్ననే పట్టుకొని పోవుదము. కూలి, అప్పు అను రెండు సంగతులు ఎదుట పెట్టుకొందము. తక్కినవి ఇంకొక పర్యాయము.

రాజుగారి మేడ

యోషీయా కుమారుడైన యెహోయాకీము ఒక ఇల్లు కట్టుచున్నాడు. సామాన్యమైన ఇల్లు కాదు. విశాలమైన మేడగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, పైన ఎర్రని రంగు. అదే కాలమున ఐగుప్తు రాజునకు కప్పము కట్టుటకు దేశమంతట పన్ను వసూలగుచున్నదని 2 రాజులు 23:35లో ఉన్నది. జనులు పన్నుతో నలుగుచుండగా రాజు మేడ కట్టుచున్నాడు. ఆ మేడకు రాళ్లు మోసినవారికి కూలి ఇయ్యలేదు. ప్రవక్త ఈ భాగములో మోపిన మొదటి నేరము ఇదే.

గమనించండి, ఇక్కడ విగ్రహారాధన మాట లేదు. బలులు సరిగా అర్పించలేదను మాటయు లేదు. పొరుగువానిచేత ఊరకనే పని చేయించుకొనెను, అంతే. ఆ తరువాత ప్రవక్త రాజుయొక్క తండ్రిని ఎత్తి చూపుచున్నాడు. యోషీయాయు అన్నపానములు పుచ్చుకొనినవాడే, ఉపవాసములతో శుష్కించినవాడు కాడు. కాని న్యాయము జరిగించెను, దీనుల వ్యాజ్యెమును దరిద్రుల వ్యాజ్యెమును విచారించి తీర్చెను. నన్ను ఎరుగుట అనగా ఇదియే గదా అని యెహోవా అడుగుచున్నాడు.

ఈ మాటయొద్ద కొంచెము నిలువవలెను. దేవునిని ఎరుగుట అను మాటను మనము ప్రార్థనలో, సాక్ష్యములో విరివిగా వాడుదుము. ఫలాని సంవత్సరమున ప్రభువును ఎరిగితిమి అందుము. ప్రవక్త ఆ మాటను తీసికొనివెళ్లి కూలివాని లెక్కయొద్ద పెట్టినాడు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో మాకు నేర్పిన ఒక సంగతి ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నది. పిల్లవాడు పాఠము అప్పగించినంత మాత్రమున పాఠము వచ్చినట్టు కాదు, వాని చేతలో మార్పు కనబడవలెను, అప్పుడే నేర్చినట్టు. యిర్మీయా శిక్షణ పాఠశాలకు పోలేదు గాని ఆయన చెప్పినది అదే.

యాకోబు పత్రికలో ఇదే సంగతి ఇంకను తీవ్రముగా వచ్చినది. చేలు కోసిన పనివారియొద్ద బిగబట్టిన కూలి తానే మొఱ్ఱపెట్టుచున్నదట. మనిషి నోరు మూయించవచ్చును, ఇయ్యని కూలికి నోరు మూయించుట ఎట్లు? ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఇంకొక మాట ఉన్నది, వలస వచ్చి స్థిరపడిన మన సంఘములు దానిని విడువరాదు. ఆ కూలివాడు నీ సహోదరుడైనను, నీ గ్రామములో నున్న పరదేశియైనను, ఏనాటి కూలి ఆనాడే ఇయ్యవలెను. మనము ఒకప్పుడు ఆ వచనములో పరదేశి పక్షమున ఉన్నవారము. నేడు మనలో అనేకులము ఇల్లు కట్టుకొని, రేషను కార్డు సంపాదించుకొని, రెండవ పక్షమునకు వచ్చియున్నాము.

ఒంగోలు కాలువ గట్టున

మనలో ఎక్కువ మంది మూలము నెల్లూరు, ఒంగోలు, కనిగిరి, పొదిలి, కంభము ప్రాంతములలో ఉన్నది. యానాము, గంజాము వైపు సంఘములలో పలువురు కాకినాడ కెనడా బాప్టిస్టు మిషను వారి సేవ ఫలములు. ఎటువారమైనను, ఒంగోలు చరిత్ర తెలుగు బాప్టిస్టులందరిది. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని సండే స్కూలు పిల్లవాడైనను చెప్పును. ఆ సంఖ్యను మనము కంఠస్థము చేసితిమి. దానికి ముందున్న రెండేండ్లు కూడ అంత శ్రద్ధగా చెప్పుకొనదగినవి.

1876లో వర్షములు తప్పినవి. ఆ సంవత్సరము పేరు ధాత గనుక మన ముసలివారు దానిని ధాత కరువు అనిరి. 1878 వరకు అది సాగినది. దక్షిణ దేశమున యాభై లక్షలకు పైగా జనులు చనిపోయిరని అంచనా. ధాన్యము ధర అందనంత పెరిగినది. అట్టి దినములలోను ఈ దేశపు గోధుమలు ఓడలెక్కి విదేశములకు పోవుచునే యుండెను. ప్రభుత్వము సహాయపు పనులు పెట్టినది గాని, ఖర్చు తగ్గించుటకు పంపబడిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభములో ఆ పనుల కూలిని కోసివేసెను. దినమంతయు మన్ను త్రవ్వు మగవానికి ఒక పౌను ధాన్యము, అనగా అరకిలోకంటె తక్కువ, దానితో చిల్లర డబ్బులు. ఈ కూలితో కష్టము చేయువాడు బ్రదుకలేడని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. కొన్ని మాసముల తరువాత ఆ రేటు పెంచవలసివచ్చెను, ఈలోగా పోయిన ప్రాణములు పోయినవి. కరువులో మనుష్యులను చంపినది ఆకాశము ఒక్కటియే కాదు, కూలి రేటు నిర్ణయించిన కలము కూడ.

ఆ కాలమున ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ గారు ఉండిరి. 1865లో ఈ దేశమునకు వచ్చిన ఆయన యౌవనమున అమెరికాలో సర్వేయరు పని నేర్చినవాడు. మద్రాసు వైపు పోవు బకింగ్‌హాం కాలువ త్రవ్వకము అప్పుడు కరువు పనిగా జరుగుచుండెను. తక్కిన చోట్ల కాంట్రాక్టర్ల క్రింద, పైతనిఖీదారుల క్రింద మాల మాదిగ కూలీలు పడు అవమానము ఆయనకు తెలియును. తిట్లు, దెబ్బలు, కూలిలో కోత. అందుచేత మూడున్నర మైళ్ల కాలువ పనిని ఆయనే కాంట్రాక్టుగా తీసికొనెను. అప్పటికే ఆయనతో ఉన్న బోధకులను పని మీద పెద్దలుగా పెట్టెను. త్రవ్వినదానికి లెక్క ప్రకారము కూలి, తిట్టు లేదు, దెబ్బ లేదు. విశ్రాంతి వేళ బోధకులు జనుల మధ్య కూర్చుండి మాటలాడిరి. ప్రయాసపడి భారము మోయుచున్నవారిని ప్రభువు పిలిచిన పిలుపు, మత్తయి 11:28, అక్కడ మరల మరల చెప్పిన వచనమట. తట్ట దించి కూర్చున్నవానికి ఆ వచనమునకు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను.

ఇక్కడ ఒక విషయము చెప్పుకొనవలెను. క్లౌ గారు గంజి కేంద్రము ఒక్కటి పెట్టి ఊరకుండవచ్చును. గంజియు కావలసినదే, ఆయన కరువు నిధులనుండి సహాయము పంచిన వారిలోను ఉండెను. కాని కాలువ పని తీసికొనుటలో ఆయన పట్టుకొనినది వేరు. కూలి ఇచ్చు చోట, లెక్క వ్రాయు చోట, అన్యాయము జరుగు సరిగ్గా ఆ చోటనే పోయి నిలువబడెను. యోషీయా విచారించిన వ్యాజ్యెము అదే గదా. కరువు తరువాత, ఆ గట్టున మన్ను మోసినవారే తమ ఊళ్లనుండి గుంపులుగా వచ్చిరి.

బాప్తిస్మము ఆపిన పదిహేను మాసములు

వచ్చినవారిని ఆయన వెంటనే చేర్చుకొనలేదు. కరువు సహాయము సాగినంత కాలము, సుమారు పదిహేను మాసములు, ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. అన్నము కొరకు వచ్చిరను మాట రాకూడదు, వచ్చినవారి మనస్సులో కూడ ఆ తికమక ఉండకూడదు. 1878 జూన్ మధ్యకు సహాయపు డబ్బు అయిపోయినది. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని తెలిసిన తరువాతనే జనులు ఇంకను ఎక్కువగా వచ్చిరి. ఆ జూన్ 15 మొదలు ఆ సంవత్సరాంతము వరకు 9,606 మంది. వెల్లంపల్లియొద్ద బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరిద్దరుగా నీటిలో దిగి.

నేడు మనము సేవ అనగానే మతమార్పిడి అను నింద వినుచున్నాము. ఒడిశాలో 1967లోనే దీనికి చట్టము వచ్చినది, తరువాత ఇతర రాష్ట్రములలోను వచ్చినవి. ఆ చట్టముల మంచిచెడ్డలు వేరు సంగతి. కాని అట్టి చట్టమేదియు లేని కాలముననే మన పూర్వికుడు ఒకడు సహాయమునకును బాప్తిస్మమునకును మధ్య తానే గీత గీసికొనెను. భయపడి కాదు, సువార్తయెడల గౌరవముచేత. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి, ప్రతిఫలముగా కార్డు మీద సంతకము అడుగుట ప్రభువునకు మర్యాద కాదని మా అభిప్రాయము. మన స్త్రీల సమాజములు బియ్యము పంచునప్పుడు ప్రార్థనకు వచ్చినవారికే అని నియమము పెట్టుట అక్కడక్కడ వినుచున్నాము. అది ఒంగోలు పద్ధతి కాదు.

దీనికి పదేండ్ల ముందు జరిగిన సంగతి ఒకటి చాలమందికి తెలిసినదే. తోళ్ల వ్యాపారము నిమిత్తము ఉత్తరమునకు పోయిన యెర్రగుంట్ల పేరయ్య ఏలూరు ప్రాంతమున సువార్త విని, ఒంగోలు వచ్చి 1866లో బాప్తిస్మము పొందెను. ఆయన వెంట మాదిగలు రాసాగిరి. అప్పుడు బడికి వచ్చు పైకులముల పిల్లలు, వారి పెద్దలు, వీరిని చేర్చుకొన్నయెడల మేము రామనిరి. క్లౌ గారు ఒక గదిలో, ఆయన భార్య మరియొక గదిలో వేరువేరుగా బైబిలు తెరువగా ఇద్దరికి 1 కొరింథీయులకు 1:26 మొదలు వచనములే కనబడినవట. వారు మాదిగలను చేర్చుకొనిరి, బడిపిల్లలు వెళ్లిపోయిరి. పేరయ్య సువార్త వినినది వలస పోయిన చోట అను సంగతి ఎవరును అంతగా గమనింపరు. మనము గమనింతుము.

క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా గారు ఆయన జీవిత చరిత్రను ఆయన నోట విని వ్రాసిరి, 1914లో అచ్చయినది. ఆమె సహోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్, న్యూయార్కు నగరపు బీదల పేటలో బాప్టిస్టు కాపరి. 1907లో ఆయన వ్రాసిన పుస్తకము పాశ్చాత్య సంఘములలో కూలి, గృహవసతి, అన్యాయములను గూర్చిన ఆలోచనను కదలించినది. ఆ ఆలోచన దేశాంతరమునుండి మన యొద్దకు వచ్చినదని కొందరు అనుకొందురు. బావగారు ఒంగోలు కాలువ గట్టున నిలిచినది దానికి ముప్పది యేండ్ల ముందని వారికి చెప్పండి.

ఆదివారపు విశ్రాంతి

కొత్తగా చేరినవారికి ఒంగోలులో పెట్టిన నియమములు కొద్దివే. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. మొదటిదానిని మనము నేడు భక్తి నియమముగానే చూచెదము. ఆనాడు అది పెద్ద కూలి తగాదా. పల్లె మాదిగకు సెలవు అను మాట లేదు. పిలిచిన వేళ పోవలెను, వెట్టి చేయవలెను. వారములో ఒక దినము రానని చెప్పుట ఆ ఊరి రైతులు, కరణములు ఎన్నడు వినని మాట. ఆ ఒక్క మాటకు పని పోయినవారు, నీళ్లు ఆగిపోయినవారు ఉన్నారు.

ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతి దినమునకు చెప్పిన కారణము చూడండి. నిర్గమకాండములో సృష్టి కారణముగా చెప్పబడినది, ఇక్కడ ఐగుప్తులోని దాస్యము. నీవు దాసుడవై యుంటివి గనుక నీ దాసుడును నీవలె విశ్రమింపవలెను. మన ఇండ్లలో పనిచేయు ఆమెకు ఆదివారము సెలవు ఉన్నదా? మనము ఆరాధనకు పోవుటకు ఆమె త్వరగా వచ్చి వంటపాత్రలు కడుగవలసివచ్చుచున్నదా? కొందరికి ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. నాల్గవ ఆజ్ఞలో దాసి పేరు వేరుగా వ్రాయబడియున్నది గనుక అడిగితిమి.

బంగారు గనులలో బయలుదేరిన ఉత్తరములు

కర్ణాటక సంఘములవారికి కోలారు బంగారు గనులు తెలిసినవే. 2001లో గనులు మూతపడినవి. గనులలో దిగినవారి మాట చరిత్రలో ఉన్నది. వారి పొడి మరుగుదొడ్లు చేతితో ఎత్తి శుభ్రము చేసినవారి మాట చాలకాలము లేదు. ఆ పాకీపని చేసినవారు తెలుగు మాట్లాడు మాదిగలలో తోటి కులమువారు. అట్టి క్రైస్తవ కుటుంబములో 1966లో జన్మించినవాడు బెజవాడ విల్సన్ గారు. తండ్రి ఆ పనే చేసెను, అన్నయు చేసెను. ఈయన చదువుకొని మొదట చేసినది ఏమి? ఉత్తరములు వ్రాసెను. టౌన్‌షిప్పు అధికారులకు వ్రాసెను, జవాబు లేదు. పైవారికి, ప్రధానమంత్రికి వ్రాసెను, న్యాయస్థానమునకు పోవుదునని తెలిపెను. కడకు అక్కడి పొడి మరుగుదొడ్లు తీసివేయబడినవి, పనివారికి వేరు పని ఇయ్యబడినది.

తరువాత ఆయన ఎస్.ఆర్. శంకరన్ గారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపెను. శంకరన్ గారు క్రైస్తవుడు కాడు. ఆంధ్రప్రదేశ్‌లో వెట్టిచాకిరి నిర్మూలనకు పాటుబడిన ఐ.ఏ.ఎస్. అధికారి. యోషీయా చేసిన పనిని ఎవరు చేసినను మనము సంతోషింపవలెను. చేతితో మలము ఎత్తించుటను నిషేధించుచు 1993లో ఒక చట్టము, 2013లో మరింత బలమైన చట్టము వచ్చినవి. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 మొదలు మురుగు కాలువలలో చనిపోయినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు ఇయ్యవలెనని తీర్పు చెప్పినది. 2023 అక్టోబరులో మరియొక తీర్పులో అది ముప్పది లక్షలు అయినది. విల్సన్ గారికి 2016లో మెగసెసే బహుమానము వచ్చినది.

బెంగళూరు పౌరకార్మికులలో, చెన్నై పారిశుధ్య కార్మికులలో తెలుగు మాట్లాడువారు ఎందరో మనకు తెలియును, వారిలో మన సంఘ సభ్యులు ఉన్నారు. ఎవడైనను మురుగు గుంటలోనికి దిగి చనిపోయినయెడల మన కాపరిగారు భూస్థాపన కూడిక జరిపి వచ్చుటతో మన పని తీరదు. ఆ కుటుంబమునకు తీర్పు ప్రకారము రావలసినది ఉన్నదని చెప్పవలసినవారు, అర్జీ వ్రాసిపెట్టవలసినవారు మనలో లేరా? అర్జీ వ్రాయుటకు ప్రసంగ వరము అక్కరలేదు. చక్కని దస్తూరి, తేదీలు, పోలీసు కాగితములు, మరణ ధ్రువపత్రము, నకలు దాచుకొను అలవాటు, ఇంతే.

నూటికి ఒకటి

ఇక నెహెమ్యా 5వ అధ్యాయము. యెరూషలేము గోడ కట్టుచున్నారు. పరిశుద్ధమైన పని, మధ్యలో కేక లేచినది. శత్రువుల కేక కాదు, స్వజనుల భార్యలు కూడ లేచి పెట్టిన కేక. ధాన్యము కొరకు పొలములు తాకట్టు పెట్టితిమి, పన్ను కట్టుటకు అప్పు చేసితిమి, మా కుమార్తెలు దాసులైపోయిరి. అప్పిచ్చినవారు ఎవరు? సహోదరులే, గోడకు పేర్లు ఎక్కిన పెద్దలే. నెహెమ్యాకు కోపము వచ్చెను. తనలో తాను ఆలోచించుకొని, పెద్ద సమాజము కూర్చి, వారి ఎదుటనే అడిగెను. వారు మాట లేక ఊరకుండిరి. పొలములు, ఇండ్లు, తాము పుచ్చుకొను నూటికి ఒకటియు తిరిగి ఇచ్చివేయుడని చెప్పెను. ఇచ్చివేసిరి.

నూటికి ఒకటి అనునది నెల వడ్డీ అని పలువురు వ్యాఖ్యానకర్తల మాట. అట్లయిన ఏడాదికి పన్నెండు. మన వీధులలో నూటికి మూడు, ఐదు, పది నడుచుచున్నవి. నల్లబల్ల మీద ఒక లెక్క వేయుదము. ముప్పది వేల రూపాయలు, నెలకు నూటికి ఐదు. నెల వడ్డీ 1,500, ఏడాదికి 18,000. ఇరువది నెలలు తప్పక కట్టినవాడు 30,000 కట్టివేసినాడు, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. తమిళనాట దీనినే కందువడ్డీ అందురు, 2003లో అధిక వడ్డీని నిషేధించు చట్టము అక్కడ వచ్చినది. పత్రము పెట్టుకొని, ఏ.టి.ఎం. కార్డు కూడ తీసికొని, ఈ వడ్డీ తినువారు కొందరు మన బల్లలమీదనే కూర్చుండి పాడుచున్నారు. ప్రభు భోజనపు పాత్ర వారి చేతులమీదుగా పోవుచున్నది. నెహెమ్యా అయినయెడల గోడ పని ఆపి సమాజము కూర్చియుండును.

అప్పు ముదిరిన చోట మనిషే తాకట్టు అగును. పశ్చిమ ఒడిశాలోని బలాంగీరు, నువాపాడ జిల్లాలలో నువాఖాయి పండుగ తరువాత సర్దారులు అడ్వాన్సు ఇచ్చి, కుటుంబములను తెలంగాణకు, ఆంధ్రకు, తమిళనాటికి ఇటుక బట్టీలకు తీసికొనిపోవుదురు. భర్త, భార్య, ఒక బిడ్డ కలిసి ఒక లెక్క. వర్షాకాలము వచ్చువరకు అక్కడే. పాలమూరు కూలీలును గుంపు మేస్త్రీల క్రింద ఇట్లే దేశమంతట ఆనకట్టలు, మేడలు కట్టిరి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము ఇట్టి అప్పు చెల్లదు, అప్పు చూపి మనిషిని ఆపుట నేరము. జిల్లా కలెక్టరుకు గాని ఆయన క్రింది అధికారికి గాని ఫిర్యాదు చేయవచ్చును. చట్టప్రకారపు కనీస కూలికంటె తక్కువ ఇచ్చి పని చేయించుట కూడ బలవంతపు చాకిరియేనని, రాజ్యాంగము 23వ అధికరణమునకు విరుద్ధమని, 1982లో ఢిల్లీ ఏషియాడ్ కట్టడపు కూలీల వ్యాజ్యెములో సుప్రీంకోర్టు చెప్పినది. కూలివాడు ఒప్పుకొనినాడు గదా అను వాదమును ఆ న్యాయమూర్తులు అంగీకరింపలేదు. ఆకలిగొన్నవాని ఒప్పుదల ఒప్పుదల కాదు.

ఇప్పుడు కష్టమైన మాట. ఆ మేస్త్రీలలో మన సభ్యులు ఉన్నారు. వారు దుర్మార్గులు కారు, పలువురు ఒకప్పుడు తట్ట మోసినవారే. పైన కంపెనీ బిల్లు ఇయ్యక ఆపినప్పుడు వారు మాత్రము ఎక్కడనుండి తెచ్చి ఇత్తురు? ఈ బాధ నిజమైనదే, మేము ఎరుగుదుము. అయినను రెండు సంగతులు వారి చేతిలో ఉన్నవి. ప్రతి మనిషికి హాజరు, అడ్వాన్సు, చెల్లింపు వ్రాసిన చిన్న పుస్తకము వాని చేతికే ఇయ్యవచ్చును. వెళ్లిపోదునన్నవానిని అప్పు చూపి ఆపకుండ ఉండవచ్చును. క్లౌ గారి పై ఉన్న ప్రభుత్వము మంచిదై యుండెనా? కాదు. తన మూడున్నర మైళ్లలో ఆయన లెక్క తప్పనియ్యలేదు.

బీదలైన మన పితరులు తమ వంతు ఎట్లు ఎంచుకొనిరో ఒక్కమాట. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషనరీ సంఘము జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపెను, ఒప్పంద కూలీలుగా పోయి చెరకు, తేయాకు తోటలలో చిక్కుకొనిన మనవారి యొద్దకు. కరువు తరువాతి ఇరువదియైదేండ్లకే, పుచ్చుకొనినవారు పంపువారైరి. ఇప్పుడు మన వీధి చివర కట్టుచున్న అపార్టుమెంటు క్రింద రేకుల షెడ్డులో ఒడియా, బీహారీ, పాలమూరు కుటుంబములు ఉన్నవి. వారి పిల్లలు బడికి పోవుటలేదు. నేటాలు అంత దూరము కాదు.

ఈ పాఠమును రెండు ఆదివారములుగా చెప్పుట మంచిది. మొదటి వారము రాజుగారి మేడ, ఒంగోలు. రెండవ వారము నెహెమ్యా. రెండవ వారమునకు కార్యదర్శిగారు సంఘ జమాఖర్చుల పుస్తకము తెచ్చి, మందిరము ఊడ్చు ఆమెకు, రాత్రి కాపలా ఉండు అతనికి, బైబిలు స్త్రీకి నెలకు ఎంత ఇచ్చుచున్నామో, కడసారి ఎప్పుడు పెంచితిమో చదివి వినిపించవలెను. మీ రాష్ట్రమున ప్రభుత్వము ప్రకటించిన కనీస కూలి ఎంతో యవనస్థులలో ఒకరు కనుగొని, ఆ అంకెను దాని ప్రక్కనే నల్లబల్ల మీద వ్రాయవలెను. ఆ రెండు అంకెల ఎదుట యిర్మీయా 22:16 మరల చదివి, చర్చ ప్రారంభించండి. ఆ ముగ్గురును కూడ ఆ తరగతిలో కూర్చుండునట్లు చూడండి.